మిరప కల్లంలో మూతిగుడ్డ

2021 జనవరిలో నేను ఈపూరు వైపున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ సూపర్‌వైజరుగా చేరాను. అప్పటికి పల్నాడు జిల్లా ఇంకా ఏర్పడలేదు, మాదంతా గుంటూరు జిల్లా కిందే ఉండేది. పదవీ విరమణకు కొద్ది కాలమే మిగిలింది కాబట్టి అదే నా చివరి పోస్టింగు అని తెలుసు. నరసరావుపేటలో ఇల్లు, పొద్దున్నే బస్సు, సాయంత్రం మళ్ళీ బస్సు. ప్రశాంతంగా గడిచిపోతుందనుకున్నాను.

హెల్త్ సూపర్‌వైజరు అంటే ఏం చేస్తారో బయటివాళ్ళకు సరిగ్గా తెలియదు. మా బంధువులు ఇప్పటికీ నన్ను నర్సమ్మ అనే పరిచయం చేస్తారు. ఆరోగ్య కేంద్రానికి మెడికల్ ఆఫీసరు పెద్ద. ఊళ్ళలో తిరిగి టీకాలు వేసేదీ, గర్భిణులను చూసుకునేదీ ఏఎన్ఎంలు. ఊళ్ళోనే ఉంటూ వాళ్ళకు తోడుపడేది ఆశా కార్యకర్త. వీళ్ళంతా పని నిజంగా చేశారా, కాగితం మీద చేశారా అని వెనకాలే వెళ్ళి చూసేది సూపర్‌వైజరు. ఒక్క మాటలో చెప్పాలంటే తప్పులు పట్టే ఉద్యోగం. ఏఎన్ఎంగా మొదలుపెట్టి ఈ హోదాకు వచ్చేసరికి నాకు తప్పులు పట్టడం బాగా వంటపట్టింది. నోరు కూడా కాస్త పెద్దదే. నా కింద పనిచేసిన పిల్లలు నేను బస్సు దిగుతున్నానని ఒకరికొకరు ఫోన్లు చేసుకునేవారని తర్వాత తెలిసింది.

నేను చెప్పబోయే సంగతి ఆ ఏడాది ఏప్రిల్‌లో మా పరిధిలోని ఒక ఊళ్ళో జరిగింది. ఊరి పేరు రాయను. ఆ ఊరివాళ్ళు చదివితే వాళ్ళకెలాగూ తెలుస్తుంది.

జనవరిలో అందరూ కరోనా పోయిందనే అనుకున్నారు. పంచాయతీ ఎన్నికలు వచ్చాయి, ఊరేగింపులు జరిగాయి, మాస్కులు చిలక్కొయ్యలకు ఎక్కాయి. మార్చి చివరికి మళ్ళీ కేసులు మొదలయ్యాయి. ఏప్రిల్ వచ్చేసరికి గుంటూరులో మంచాలు దొరకడం లేదని రోజూ వింటున్నాం. టీకాలు అప్పుడప్పుడే వస్తున్నాయి, ఒక రోజు ఉంటే నాలుగు రోజులు ఉండవు. పైనుంచి మాకు వచ్చిన ఉత్తర్వు ఇంటింటికీ జ్వరం సర్వే చేయమని, మాస్కు వాడకం ఎలా ఉందో వారం వారం రిపోర్టు పంపమని.

సర్వే పత్రంలో మొదటి ప్రశ్న దగ్గు ఉందా అని. మా ఊళ్ళలో ఏప్రిల్ అంటే మిరప మూడో కోత. ప్రతి ఇంటి ముందూ కల్లమే. కల్లమంటే కోసిన కాయను ఎండబోసే చోటు. పట్టాల మీద ఎర్రగా పోసి ఉంటుంది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగు పోయిన తాలుకాయ ఏరుతుంటారు, తొడిమలు తీస్తుంటారు. ఆ గాలి పీల్చినవాడు దగ్గకుండా, తుమ్మకుండా ఉండడు. ఆ ఊళ్ళో ఒక కల్లంలోకి వెళ్ళి దగ్గున్నవాళ్ళ పేర్లు చెప్పమంటే, కూలీల మేస్త్రీ యేసమ్మ నా వంక జాలిగా చూసింది.

“కల్లంలో దగ్గనోళ్ళెవరమ్మా? దగ్గినోళ్ళని రాసుకోవాలంటే ఊరంతా రాసుకోవాల్సిందే. ముందు మీకే వచ్చేటట్టుంది, కాసేపు ఆగండి.”

ఆమె అన్నట్టే రెండు నిమిషాల్లో నాకు దగ్గు వచ్చింది. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

యేసమ్మకు అరవై దగ్గర్లో ఉంటాయి. సన్నగా, నల్లగా, నిటారుగా ఉండే మనిషి. పదిహేనుమంది ఆడకూలీలను పొద్దున్నే పోగుచేసి పనికి తీసుకొచ్చేది ఆమే. ఏ వరసలో ఎవరు కూర్చోవాలో, ఏ కాయ ఏ కుప్పలో పడాలో ఆమె చూపు చెబుతుంది. పని చేసేటప్పుడు ఆమెతో సహా వాళ్ళందరి ముక్కూ మూతీ మీద పాత చీర ముక్కలు మడిచి బిగించి కట్టి ఉంటాయి. కరోనా కోసం కట్టినవి కావు. మిరప ఘాటుకు వాళ్ళ అమ్మల కాలం నుంచీ అలాగే కడుతున్నారు. డ్వాక్రా సంఘాలు కుట్టిన మాస్కులు మేము మనిషికి ఇన్ని చొప్పున పంచాం. అవి ఏమయ్యాయని అడిగితే, కొత్తవి కదా, నరసరావుపేటకు వెళ్ళినప్పుడు పెట్టుకుందామని పెట్టెలో దాచామన్నారు.

గుడ్డ మాస్కంత కాదని నాకు తెలుసు. అయినా రెండు మడతలు బిగించి కట్టిన గుడ్డ ఉత్త మూతి కన్నా ఎంతో నయం. ఆ వారం రిపోర్టులో మాస్కు వాడకం సంతృప్తికరం అని రాసి పంపాను.

ఆ కల్లం సాంబయ్యగారిది. ఊళ్ళో ఒక వర్గానికి ఆయన పెద్ద. మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో ఆయన నిలబెట్టిన మనిషి ఓడిపోయాడు. అయినా ఆయన వరండాకు వచ్చేవాళ్ళు తగ్గలేదు. పొలం గట్టు తగాదా అయినా, కరెంటు మోటారు కాలినా ముందు అక్కడికే వస్తారు. కల్లానికీ వరండాకూ మధ్య గోడ లేదు, నాలుగు మెట్లే అడ్డం. ఆ వరండాలో వాలుకుర్చీలో ఆయన భార్య అనసూయమ్మగారు కూర్చుని ఉండేవారు.

ఆమె మూత్రపిండాలు పనిచేయడం మానేసి రెండేళ్ళయింది. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, నరసరావుపేటలో ఒక సెంటరుకు తీసుకెళ్ళి డయాలసిస్ చేయిస్తారు. ఒంట్లోని రక్తాన్ని మిషన్ గుండా పంపి శుభ్రం చేసి మళ్ళీ ఎక్కిస్తారు. ఒక్క పూట తప్పితే ముఖం ఉబ్బుతుంది, రెండు తప్పితే ఊపిరి ఆడదు. ఆ నెలలో ఆ సెంటరువాళ్ళు ఒక నియమం పెట్టారు. కరోనా ఉన్నవాళ్ళను, ఉందని అనుమానం ఉన్నవాళ్ళను మిషన్ ఎక్కనివ్వరు. పాజిటివ్ వస్తే గుంటూరు వెళ్ళాలి. గుంటూరులో మంచమే లేదు. అందుకని ఆమెకు కరోనా రావడమంటే ఏమిటో ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ ఊరి ఆశా కార్యకర్త మస్తాన్‌బీ ఈ సంగతి నాకు చెప్పింది. ఆమె భర్త వినుకొండ రోడ్డులో ట్రాక్టర్లు బాగుచేస్తాడు. అనసూయమ్మగారిని ఆమె పిన్నమ్మా అని పిలిచేది. ఒక మధ్యాహ్నం నన్ను పక్కకు తీసుకెళ్ళి, “మేడం, ఆ వరండా చూస్తే నాకు బయ్యంగా ఉంది. రోడ్డు మీద అందరూ మాస్కుతోనే పోతన్నారు. ఆ మెట్లకాడికి రాంగానే ఏమైద్దో ఏమో, పిన్నమ్మ ఎదురుగా మాత్రం మొహాలన్నీ ఉత్తయ్యే. మీరొకసారి కుదురుగా కూర్చుని చూడండి,” అంది.

నేను కుదురుగా కూర్చోలేదు. నా పద్ధతిలో వెళ్ళాను. వరండా దగ్గర పోస్టరు అంటించాను, మెట్ల ముందు నిలబడి అరిచాను, పోలీసులకు చెబుతానన్నాను. అందరూ తలలూపారు. మర్నాడు వెళ్ళి చూస్తే పోస్టరు అలాగే ఉంది, దాని కింద నిలబడి ఒకాయన మాస్కును గడ్డం కిందికి లాగి సాంబయ్యగారితో కాలువ నీళ్ళ గురించి మాట్లాడుతున్నాడు. అనసూయమ్మగారు అక్కడే, చేయి చాపితే అందేంత దూరంలో ఉన్నారు.

మా మెడికల్ ఆఫీసరు వయసులో నాకన్నా చాలా చిన్నవాడు, పనిలో గట్టివాడు. ఆయనకు చెబితే ఒకటే అన్నాడు, ఆ కల్లంలో పని ఆపించమని. ఆ మాటే సాంబయ్యగారికి చేరవేశాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకుని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

“మేడం, మబ్బులు చూశారా? నాలుగు చినుకులు పడితే కాయంతా నల్లబడిపోద్ది. ఈ పదిహేనుమందికీ ఏడాది మొత్తానికి ఈ కోతలప్పుడే పని. అట్టాగని మా ఇంటిదాన్ని పోగొట్టుకోమంటారా? ఏం జెయ్యాలో మీరే చెప్పండి, చేస్తా.”

డాక్టరు గారిని ఒక్క రోజు గడువు అడిగాను. మర్నాడు సాయంత్రానికల్లా ఏదో ఒకటి తేల్చి చెప్పాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు.

ఆ మర్నాడు పొద్దున ఏడు గంటలకే వెళ్ళి, మస్తాన్‌బీ చెప్పినట్టు, కల్లం పక్కన వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మాకు ఫీల్డ్ డైరీ అని ఒకటి ఉంటుంది, ఏ రోజు ఎక్కడికి వెళ్ళామో, ఏం చూశామో అందులో రాయాలి. ఒక పేజీలో గళ్ళు గీశాను. ఎప్పుడు, ఎవరు గుడ్డ దించారు, ఎందుకు దించారు. ఏఎన్ఎంగా ఉన్నప్పుడు ఒక ఇంట్లో పిల్లలకు విరేచనాలు ఎందుకు తగ్గట్లేదో తెలియకపోతే ఇలాగే ఒక పూట కూర్చుని, ఎవరు ఏ చేత్తో ఏ చెంబు ముట్టుకుంటున్నారో చూసేదాన్ని. సూపర్‌వైజరు అయ్యాక ఆ అలవాటు పోయింది. తనిఖీకి వెళ్ళేవాళ్ళు ఎక్కడా ఎక్కువసేపు కూర్చోరు.

గుడ్డ కట్టుకుంటే మాట వినపడదు, అందుకే దించుతున్నారని అప్పటిదాకా నా నమ్మకం. గంట తిరగకుండానే అది తప్పని తేలింది. ఆ ఆడవాళ్ళు గుడ్డలతోనే లోకాభిరామాయణమంతా మాట్లాడుకుంటున్నారు. ఈ వరస చివర ఉన్న మనిషి ఆ వరస చివర ఉన్న మనిషితో కోడలి మీద చాడీలు చెబుతోంది. ఇద్దరు పోట్లాడుకున్నారు కూడా. గుడ్డ ఎవరూ కదిలించలేదు. సాంబయ్యగారు వరండా దిగి వచ్చి, ఈ కుప్ప ఇంకా ఎండలేదేంటే అనగానే యేసమ్మ చేయి పైకి లేచింది. గుడ్డ గడ్డం కిందికి దిగింది. జవాబు చెప్పింది. ఆయన వెళ్ళాక మళ్ళీ పైకి లాక్కుంది. అనసూయమ్మగారు వరండాలోంచి మజ్జిగ తీసుకోమని పిలిచారు. వెళ్ళిన ప్రతి మనిషీ మెట్ల దగ్గర గుడ్డ దించి, నవ్వి, గ్లాసు అందుకుంది. ఊళ్ళోంచి వచ్చిన మగవాళ్ళూ అంతే. రోడ్డు మీద మాస్కు, మెట్ల దగ్గర గడ్డం కింద మాస్కు. ఒక పెద్దాయన భుజం మీద కండువా కూడా తీసి చంకలో పెట్టుకున్నాడు.

అప్పుడు నాకు తట్టింది. మా వైపు పెద్దల ముందు తలగుడ్డతో నిలబడరు. తలగుడ్డ తీస్తారు, చెప్పులు వదులుతారు. ముఖం కప్పుకుని మాట్లాడటం పొగరుకు గుర్తు. వాళ్ళు నిర్లక్ష్యంతో దించడం లేదు, మర్యాద కోసం దించుతున్నారు. ఆ ఊళ్ళో అందరికన్నా ఎక్కువ మర్యాద అందుకునే మనిషి, అందరికన్నా ఎక్కువగా కాపాడుకోవాల్సిన మనిషి ఒకే వరండాలో ఉన్నారు. ఒట్టి గాలి ముందు కట్టుకున్న గుడ్డ సరిగ్గా ఆమె ఎదుట దిగుతోంది.

యేసమ్మను పిలిచాను. ఆమె వచ్చింది. గుడ్డ దించింది. ఎందుకు దించావని అడిగాను. తన మీద ఏదో తప్పు పడబోతోందన్నట్టు చూసింది. ఆ తర్వాత ఉన్నమాట చెప్పేసింది.

“మీరే గదమ్మా అన్నది. కొత్తలో వచ్చి టీబీ సర్వే అని పేర్లు రాసుకునేటప్పుడు, గుడ్డ తీసి మాట్టాడు, పెద్దోళ్ళతో మాట్టాడే పద్ధతేనా ఇది అన్లా? అప్పణ్ణించి మీరు కనపడితే చాలు, నా చెయ్యి మూతి మీదకి పోద్ది.”

నేను అన్నాను. జనవరిలో, ఇదే కల్లంలో, చేరిన మొదటి వారంలో. ఆమె చెప్పాక నాకు మాటకు మాట గుర్తొచ్చింది. నాకు సిగ్గేసింది. మాస్కులు పంచిన చేత్తోనే మాస్కు తీయించిన మనిషిని నేను. డైరీలో గీసిన గళ్ళు మళ్ళీ చూసుకుని, ఎందుకు దించారు అన్న మాట కొట్టేసి, ఎవరి ముందు దించారు అని రాశాను. ఆ పొద్దున జరిగినదంతా మొదటినుంచీ మళ్ళీ నింపాను.

మధ్యాహ్నం సాంబయ్యగారికి, అనసూయమ్మగారికి ఆ పేజీ చదివి వినిపించాను. పని ఆపక్కర్లేదు, మర్యాద మార్చాలి, అది మీ వల్లే అవుతుంది, మీరు కూడా ముఖానికి కట్టుకుంటే గానీ వాళ్ళు కట్టుకుని మీతో మాట్లాడరు అన్నాను. సాంబయ్యగారు తల అడ్డంగా ఊపారు.

“నా ఇంట్లో, నా వరండాలో నేను మూతికి గుడ్డ కట్టుకుని కూర్చుంటే అవతలోళ్ళు ఏమంటారో తెలుసా మేడం? ఎలచ్చన్లో ఓడిపోయి మొకం జూపిచ్చలేక దాక్కున్నాడంటారు.”

ఆయన బాధ నాకు అర్థమైంది. రెండు వర్గాలున్న ఊళ్ళో అలాంటి మాట ఏళ్ళ తరబడి నిలుస్తుంది. నేను ఇంకేదో నచ్చజెప్పబోయాను. అనసూయమ్మగారు నన్ను ఆపారు. ఆమె గొంతు బలహీనంగా ఉండేది, మాట మాత్రం కాదు.

“మీ పరువు సంగతి తర్వాత చూసుకుందాం. నాకు ఆ జబ్బొస్తే పెదకర్మకి ఈ కల్లంలోనే టెంటు ఎయ్యాలి మీరు. అప్పుడు ఊరంతా మూతులు కట్టుకునే వస్తార్లే.” ఆయన ఏదో అనేలోపే కల్లం వైపు తిరిగి పిలిచారు. “ఏమే యేసమ్మా, ఇట్రా.”

యేసమ్మ వచ్చింది. చేయి పైకి వెళ్ళింది.

“దించమాకు. ఇకనించి నా ముందు గుడ్డ దించావంటే నా చావు కోరుకున్నట్టే లెక్క. నీకే కాదు, అందరికీ చెప్పు. గుడ్డ కట్టుకుని మాట్టాడినోళ్ళే నాకు మర్యాద ఇచ్చినట్టు.”

కల్లంలో చేతులన్నీ ఆగిపోయాయి. యేసమ్మ చేయి గాల్లోనే ఉంది. సాంబయ్యగారు లేచారు. భుజం మీద కండువా తీసి ముఖానికి చుట్టుకోబోయారు. జారిపోయింది. మళ్ళీ చుట్టుకున్నారు, ముక్కు బయటికి వచ్చింది. అంత పెద్దమనిషి కండువాతో అవస్థ పడుతుంటే గుడ్డల వెనక నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. యేసమ్మ ఉన్నచోటు నుంచే చెప్పింది.

“అట్టా కాదయ్యా. ముందు అడ్డంగా మడవండి. ఆ, ఇప్పుడు ముక్కు మీదికి లాగి చెవుల ఎనక ముడెయ్యండి. ఇంకొంచెం బిగించాల.”

ఆయన ఆమె చెప్పినట్టే చేశారు. ముడి పడింది. “వినపడతందా?” అని గట్టిగా అడిగారు. “వినపడతంది,” అని కల్లమంతా జవాబిచ్చింది.

మిగిలిన ఏర్పాట్లు నా పని. అనసూయమ్మగారి కుర్చీని వరండా అవతలి చివరికి మార్పించాను. ఆమెకు మా స్టాకులోంచి మంచి మాస్కులు ఇచ్చాను. మజ్జిగ, నీళ్ళు మెట్ల దగ్గర కాకుండా వేపచెట్టు కింద పెట్టించాను. గుడ్డలు రోజూ ఉతికి ఎండలో వేయమన్నాను. అన్నం తినేటప్పుడు ఎవరైనా గుడ్డ తీయాల్సిందే కాబట్టి దూరదూరంగా కూర్చోమన్నాను. ఆ ఒక్క విషయంలో మాత్రం వాళ్ళు నా మాట సగమే విన్నారు, పచ్చడి పంచుకోకుండా తినడం వాళ్ళవల్ల కాలేదు. సాయంత్రం డాక్టరు గారికి చెబితే ఆయన అంతా విని, “పని ఆపక్కర్లేదు. కానీ మీరు రోజూ వెళ్ళి చూడాలి,” అన్నాడు. వెళ్ళాను.

వర్గం రాజకీయం ఊహించినట్టే పనిచేసింది. రెండు రోజులు ఎగతాళి చేశారు. మూడో రోజు అవతలి వర్గం పెద్ద కూడా మాస్కుతో కూర్చున్నాడు. సాంబయ్య ఇంటికి వెళ్ళినప్పుడు మర్యాదగా ఉంటూ మన ఇంటికి వచ్చినప్పుడు ఉండరా అని ఆయన ఇంట్లోవాళ్ళు గొడవపెట్టారని మస్తాన్‌బీ చెప్పి పడీపడీ నవ్వింది. పోస్టరు వల్ల కానిది పోటీ వల్ల అయింది. నేను కాదనలేదు.

తొమ్మిది పది రోజులు గడిచాయి. ఒక మంగళవారం పొద్దున మస్తాన్‌బీ ఫోను చేసింది. గొంతులో కంగారు.

“మేడం, యేసమ్మవ్వకి ఘాటు తగలట్లేదంట.”

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె వివరించింది. బాగా ఎండిన తాలుకాయ కుప్ప తిరగేస్తుంటే అందరూ తుమ్ములతో, కళ్ళ నీళ్ళతో తల్లడిల్లిపోతున్నారు, మధ్యలో యేసమ్మ మాత్రం చల్లగా కూర్చుని ఉంది. ముసల్దాని ముక్కు మొద్దుబారిందని తోటివాళ్ళు ఆటపట్టించారు. నిన్నటి నుంచీ ఏ వాసనా తెలియడం లేదని ఆమే చెప్పింది. జ్వరం లేదు. దగ్గు అందరికీ ఉన్నదే. సర్వే పత్రంలోని ఏ ప్రశ్నా ఆమెను పట్టుకోలేదు. మస్తాన్‌బీ శిక్షణలో విన్న ఒక్క మాట గుర్తుపెట్టుకుని పట్టుకుంది.

పరీక్ష చేసే కిట్టు తీసుకుని వెళ్ళాం. పావుగంటలో పాజిటివ్ అని తేలింది. నేను అడిగిన మొదటి ప్రశ్నకు యేసమ్మ తలదించుకుంది. అవును, ముందురోజు సాయంత్రం అనసూయమ్మగారితో మాట్లాడింది, మర్నాడు ఎంతమందిని తీసుకురావాలో అడగడానికి వెళ్ళి చాలాసేపు నిలబడింది. గుడ్డ ఉందా అన్నాను.

“ఉందమ్మా, ఒట్టు. ఘాటు తగలట్లేదు గదా, ఇంక ఇదెందుకని తీసి నడుం కాడ దోపుకుందామనుకున్నా. దించితే నా చావు కోరుకున్నట్టే అందిగా అమ్మగారు. ఆ మాట గుర్తొచ్చి ఉంచుకున్నా.”

ఆమెను కోవిడ్ కేర్ సెంటరుకు పంపడానికి అంబులెన్సు పిలిచాం. ఎక్కేముందు నా చేయి పట్టుకోబోయి ఆగిపోయింది. తన సంగతి అడగలేదు. అమ్మగారి రిపోర్టు వస్తే ముందు తనకే ఫోను చేసి చెప్పమంది. నావల్ల ఆమెకేమన్నా అయితే ఆ ఇంటి ముందు నించి ఎట్టా నడవాలమ్మా అని ఏడ్చింది.

అదే రోజు అనసూయమ్మగారికి స్వాబ్ తీసి ల్యాబుకు పంపాం. అప్పటికప్పుడు తేల్చే పరీక్షలో నెగటివ్ వచ్చింది, కానీ ఆ ఫలితాన్ని డయాలసిస్ సెంటరువాళ్ళు ఒప్పుకోరు. ల్యాబు నుంచి రిపోర్టు వస్తేనే గురువారం మిషన్ ఎక్కిస్తామన్నారు. వాళ్ళ తప్పు లేదు, అక్కడ మరో ఇరవైమంది అలాంటి రోగులే ఉన్నారు. ల్యాబు మీద ఆ రోజుల్లో ఎంత భారం ఉందో నాకు తెలుసు. బుధవారం రాలేదు. గురువారం రాలేదు. శుక్రవారం నేను వెళ్ళేసరికి ఆమె ముఖం ఉబ్బి ఉంది, మాట్లాడుతుంటే మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. సాంబయ్యగారు కండువా ముఖానికి కట్టుకునే ఆమె గది గుమ్మం బయట కూర్చున్నారు. ఆ రోజు నేను ల్యాబుకు చేసినన్ని ఫోన్లు ఉద్యోగంలో ఎప్పుడూ చేయలేదు. నా పెద్దనోరు ఉపయోగపడిన రోజు అదొక్కటే.

శనివారం పొద్దున తొమ్మిదింటికి నా ఫోనుకు మెసేజి వచ్చింది. నెగటివ్. బస్సులో ఉన్నాను. పక్కసీటు ఆమె నన్ను చూసి ఏమైందమ్మా అని అడిగింది, నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. సాంబయ్యగారికి చెప్పాను, గంటలో కారు పేట బయలుదేరింది. తర్వాత యేసమ్మకు చేశాను. నెగటివ్ అని చెప్పాను.

“అన్నం తింటా ఇంక,” అంది.

వారం తర్వాత చేసిన రెండో పరీక్షలోనూ అనసూయమ్మగారికి ఏమీ లేదు. కూలీలందరికీ పరీక్షలు చేస్తే ఇద్దరికి పాజిటివ్ వచ్చింది, ఇద్దరూ రోజూ యేసమ్మతో పచ్చడి పంచుకుని తిన్నవాళ్ళే. తేలిగ్గానే బయటపడ్డారు. యేసమ్మ రెండు వారాలకు తిరిగొచ్చింది. అప్పటికి కోత అయిపోయింది. ముందు సాంబయ్యగారి ఇంటికే వెళ్ళింది. అనసూయమ్మగారు వరండాలో కుర్చీ వేయించారు. యేసమ్మ కుర్చీలో కూర్చోలేదు, కింది మెట్టు మీద కూర్చుంది, గుడ్డ మాత్రం దించలేదు. ఇద్దరూ ముఖాలు కప్పుకునే మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నారని మస్తాన్‌బీ చెప్పింది.

అనసూయమ్మగారిని గుడ్డ ఒక్కటే కాపాడిందని నేను చెప్పను. కల్లం గాలి ఉంది, దూరం జరిపిన కుర్చీ ఉంది, అదృష్టమూ ఉంది. వీటిలో దేని వాటా ఎంతో తేల్చే చదువు నాకు లేదు. ఆ పదిరోజుల్లో ఆ మెట్ల దగ్గర గుడ్డలు దిగడం ఆగిపోయిందని మాత్రం చెప్పగలను, ఎందుకంటే రోజూ కూర్చుని చూశాను.

పదవీ విరమణ తర్వాత కొత్తగా చేరిన ఏఎన్ఎంల శిక్షణకు నన్ను రెండుమూడుసార్లు పిలిచారు. వాళ్ళకు ఈ సంగతి చెబుతాను. మాస్కు ఎంతమంది పెట్టుకున్నారని లెక్క రాస్తే సరిపోదనీ, ఎవరి ముందు తీస్తున్నారో ఒక పూట కూర్చుని చూడాలనీ చెబుతాను. ఆ డైరీ కూడా తీసుకెళ్ళి ఆ పేజీ చూపిస్తాను. వాళ్ళు ముందు చదివేది మొదటి వరసే. పొద్దున ఏడు గంటల పది నిమిషాలు, యేసమ్మ, నమస్కారం పెట్టడానికి గుడ్డ దించింది. ఎవరి ముందు అన్న గడిలో నా చేత్తో నేనే రాసుకున్నాను, సూపర్‌వైజరు అని.